ఇరుకు గల్లీలోంచి లేత్ మిషన్ లోపలికి చేర్చడం ఎలా: కొలతల నుంచి లెవెల్ దాకా

హైదరాబాద్ బాలానగర్‌లో సెకండ్ హ్యాండ్ లేత్ (ఇనుప ముక్కని తిప్పుతూ కోసే మిషన్) బేరం కుదిరింది, డీసీఎం వ్యాను మాట్లాడారు, హైడ్రా క్రేన్ ఎక్కించింది, 163వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 145 కిలోమీటర్లు మిషన్ హాయిగా వరంగల్ చేరిపోయింది. అసలు తంటా ఆ తర్వాతి నలభై అడుగుల్లో ఉంటుంది. పాత వరంగల్‌లో గిర్మాజీపేట, మట్టెవాడ, కరీమాబాద్ వైపు షాపు ఉన్నవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. క్రేన్ రోడ్డు దాకా వస్తుంది, గల్లీ మొదట్లో ఆగిపోతుంది. అక్కడి నుంచి మోరీ మీది బండ, ఒక మలుపు, మెట్టు, గడప, షాబాద్ బండల గచ్చు, ఇవన్నీ దాటుకుని టన్ను బరువు లోపలికి పోవాలి.

నేను చెప్పేది ఆరడుగుల బెడ్ (మిగతా భాగాలన్నీ కూర్చునే పొడుగాటి బీడు దిమ్మ) ఉన్న మామూలు లేత్ గురించి. బటాలా, లూధియానా, రాజ్‌కోట్ నుంచి వచ్చే రకం. సైజును బట్టి 700 కిలోల నుంచి టన్నున్నర దాకా తూగుతాయి. ఆల్ గేర్డ్ (స్పీడు గేర్లతోనే మార్చే) హెవీ మిషన్లయితే రెండు టన్నులు, ఆపైన కూడా ఉంటాయి. పద్ధతి మాత్రం అదే, సామాను కెపాసిటీ పెంచుకోవాలి అంతే.

పని మొత్తానికీ ఒకటే పట్టు: మిషన్‌ని ఎత్తకండి, జరపండి. ఎత్తక తప్పకపోతే ఒకసారికి అర అంగుళం, ఆ అర అంగుళం కింద వెంటనే చెక్క. ఏ క్షణంలో ఎవరి చెయ్యి జారినా, ఏ తాడు తెగినా, మిషన్ పడగలిగే ఎత్తు అర అంగుళమే ఉండాలి. పదిమంది బలగం కంటే ఒక బస్తాడు చెక్కముక్కలు ఎక్కువ పనిచేస్తాయి.

ముందు టేపు, తర్వాత బేరం

వీలుంటే మిషన్‌కి అడ్వాన్సు ఇచ్చేముందే కొలవండి. చాలామంది దర్వాజ వెడల్పు కొలిచి సరిపోతుంది అనుకుంటారు. మూడడుగుల చౌకట అంటే బయటి కొలత, లోపల దొరికేది 30, 31 అంగుళాలే. తలుపు రెక్క కీళ్ళ మీద ఉంటే ఇంకో అంగుళంన్నర పోతుంది, కాబట్టి రెక్క ఊడదీసి పక్కన పెట్టాల్సిందే. గల్లీలో గోడ నుంచి గోడకి కొలిస్తే చాలదు. నల్లా పైపులు, మీటరు డబ్బా, పక్కింటివాళ్ళ మెట్టు, గోడలోంచి ముందుకొచ్చిన రాయి, ఇవి ఎక్కడ ఇరుకు చేస్తున్నాయో అక్కడ కొలవాలి. నేలమట్టం దగ్గర ఒకసారి, నడుం ఎత్తులో ఒకసారి.

మిషన్‌కి కూడా రెండు వెడల్పులుంటాయి. బేస్ వెడల్పు ఒకటి, ముందుకు పొడుచుకొచ్చిన క్రాస్ స్లైడ్ హ్యాండిల్ (టూల్‌ని ముందుకీ వెనక్కీ జరిపే పిడి) నుంచి వెనక మోటారు దాకా ఇంకొకటి. ఈ రెండోదే మనల్ని ఆపేది, అదృష్టవశాత్తు తగ్గించుకోగలిగేదీ అదే.

మలుపు లెక్క చాలామందికి తెలియదు కాబట్టి వివరంగా చెప్తాను. మలుపుకి రెండు వైపులా గల్లీ ఒకే వెడల్పు ఉంటే, ఆ వెడల్పుని 1.41తో గుణించండి, అందులోంచి మిషన్ వెడల్పు తీసేయండి, మిగిలినదాన్ని రెండింతలు చేయండి. ఆ మలుపు తిరగగలిగే గరిష్ఠ పొడవు అదే. ఉదాహరణకి గల్లీ 48 అంగుళాలు, మిషన్ వెడల్పు 30, పొడవు 78 అనుకుందాం. 48ని 1.41తో గుణిస్తే 67.7, అందులోంచి 30 పోతే 37.7, రెండింతలు చేస్తే 75. అంటే 78 అంగుళాల మిషన్ తిరగదు, మూడు అంగుళాల దగ్గర ఇరుక్కుంటుంది. అదే మిషన్‌కి హ్యాండిల్, మోటారు విప్పి వెడల్పు 24కి తెచ్చామనుకోండి, లెక్క 87 వస్తుంది, తొమ్మిది అంగుళాల సందు మిగులుతుంది. వెడల్పులో ఒక అంగుళం తగ్గిస్తే పొడవులో రెండు అంగుళాలు కలిసొస్తాయన్నమాట. గల్లీ 42 అంగుళాలే అయితే 24 వెడల్పుతో కూడా 70 దాటదు, అప్పుడు వేరే దారి చూసుకోవాలి. గోడ పైనుంచి హైడ్రాతో దింపడమో, వెనక గోడకి సందు కొట్టించడమో.

గల్లీ రెండు వైపులా వేర్వేరు వెడల్పులుంటే లెక్కల జోలికి పోకండి. ఫ్రిజ్ అట్టపెట్టెలు రెండు తెచ్చి, మిషన్ పొడవు వెడల్పుల్లో ఒక అట్ట కత్తిరించి అతికించి, దాన్ని నేల మీద మలుపు తిప్పి చూడండి. కింద వేసే స్కిడ్లు (మిషన్ కాళ్ళకి బిగించే ఇనుప చానళ్ళు) మిషన్ కంటే పొడుగ్గా ఉంటే ఆ పొడవే కత్తిరించాలి. గల్లీలో పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.

బరువు, నేల

బరువు ప్లేటు మీద ఉంటే సరే. లేకపోతే వచ్చే దారిలో ఏదో ఒక వే బ్రిడ్జి మీద ఖాళీ బండి, లోడు బండి తూకం వేయించండి. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల కాటాలకి కొదవలేదు. అంచనాగా చెప్పేవాళ్ళ మాట నమ్మొద్దు. అమ్మేవాడు ఆరువందల కిలోలంటాడు, క్రేన్ వాడు రెండు టన్నులంటాడు, ఎవరి లెక్క వాళ్ళది.

నేల విషయంలో మూడు చోట్ల జాగ్రత్త. మోరీ మీది బండ, సంపు మూత, సెప్టిక్ ట్యాంకు. ఈ మూడింటి మీదుగా పోవాల్సి వస్తే వాటి మీద బరువు పడకూడదు, అటు గట్టి నేల నుంచి ఇటు గట్టి నేల దాకా రెండు ఇనుప చానళ్ళు వంతెనలా వేసి వాటి మీద పోనివ్వాలి. లోపల షాబాద్ బండలో తాండూరు బండలో పరిచి ఉంటే, వాటి కింద ఎక్కడో ఒకచోట డొల్ల ఉంటుంది. సుత్తి పిడితో తట్టుకుంటూ పోతే శబ్దం మారిన చోట తెలిసిపోతుంది. రోలర్ గీతలాంటి చోట మొత్తం బరువు మోపుతుంది కాబట్టి డొల్ల మీదికి రాగానే బండ టప్పున పగులుతుంది, మిషన్ ఓ పక్కకి ఒరుగుతుంది. దారి పొడవునా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ గానీ రెండంగుళాల పలకలు గానీ పరచండి. 

మేడ మీద పెట్టాలనుకునేవాళ్ళకి ఒక మాట. ఇళ్ళ స్లాబుని మామూలుగా చదరపు మీటరుకి 200 కిలోల లోడుకి డిజైన్ చేస్తారు. టన్ను లేత్ నాలుగు కాళ్ళ మీద నిలబడుతుంది, పైగా తిరుగుతుంది. స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిచి చూపించకుండా ఆ పని పెట్టుకోవద్దు.

సామాను

కొనాల్సినవి తక్కువ, అడిగి తెచ్చుకోగలిగేవి ఎక్కువ.

- గడ్డపారలు రెండు, ఐదడుగులవి, మొన వంగనివి.
- ఐదు టన్నుల హైడ్రాలిక్ జాకీ, వీలైతే రెండు.
- రోలర్లు ఆరు. అంగుళంన్నర సి క్లాస్ పైపు, లేదా పాత షాఫ్ట్ ముక్కలు. అన్నీ ఒకే వ్యాసం ఉండాలి. స్కిడ్ల కంటే రెండు పక్కలా మూడు నాలుగు అంగుళాలు బయటికి రావాలి.
- రెండు టన్నుల చైన్ పుల్లీ గానీ రాట్చెట్ పుల్లర్ (పిడి ఆడిస్తూ ఒక్కో పన్ను చొప్పున లాగే సాధనం) గానీ.
- నైలాన్ బెల్టులు రెండు, కెపాసిటీ రాసున్న లేబుల్ చినగనివి, షాకిళ్ళు (బెల్టు తగిలించే ఇనుప కొలికీలు) నాలుగు.
- చెక్కలు. ఇవి ఎన్ని ఉన్నా తక్కువే. సామిల్లుకి పోయి తుమ్మవో వేపవో అర అంగుళం, అంగుళం, రెండంగుళాలు, నాలుగంగుళాల మందంలో జానెడు ముక్కలు కోయించుకోండి. ఇటుకలు, సిమెంటు బ్రిక్కులు వద్దే వద్దు. అవి ముందు పగుళ్ళు చూపించి చెప్పవు, ఒక్కసారే పిండి అయిపోతాయి.

స్కిడ్ల కోసం వంద మిల్లీమీటర్ల సి చానల్ ముక్కలు రెండు తీసుకుని మిషన్ కాళ్ళ బోల్టు రంధ్రాల్లోంచి బిగించండి. ముందు కొనలు కింది వైపు ఏటవాలుగా కోయించాలి, లేకపోతే రోలర్ ఎక్కదు. స్కిడ్ వేస్తే రెండు లాభాలు. కాళ్ళు విడివిడిగా లాగబడి బీడు పగలదు, రోలర్లకి సాఫీ దారి దొరుకుతుంది. మలుపు లేని దారైతే మిషన్ రెండు కొసలా అరడుగు పొడుగ్గా ఉంచుకోండి. మలుపుంటే మిషన్ పొడవుకి సమానంగా కోసేయండి.

విప్పడం

విప్పే ముందు ఫోన్‌లో ఫొటోలు తీయండి. ముఖ్యంగా మోటారు టెర్మినల్ బాక్సు, స్విచ్ వైరింగ్. మూడు ఫేజులకి మూడు రంగుల టేపు చుట్టండి. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

తీయాల్సినవి: చక్ (ముక్కని పట్టి తిప్పేది), టెయిల్‌స్టాక్ (ముక్క రెండో కొసకి ఆనేది), టూల్ పోస్ట్ (టూల్ బిగించేది), క్రాస్ స్లైడ్ హ్యాండిల్, మోటారు, బెల్టులు, వెనక గార్డు, చిప్ ట్రే ఊడొస్తే అది కూడా. చక్ తీసేముందు బెడ్ మీద ఒక పలక వేయండి, చక్ జారి బెడ్ మీద పడిందంటే ఆ సొట్ట జన్మలో పోదు. కూలెంట్ పూర్తిగా తోడేయండి. ఏ భాగం బోల్టులు ఆ భాగానికి సంబంధించిన కవర్లో వేసి, కవర్ మీద మార్కర్‌తో పేరు రాయండి. వీలైతే బోల్టుల్ని తిరిగి వాటి రంధ్రాల్లోనే రెండు చుట్లు బిగించి వదిలేయడం ఇంకా మేలు.

తీయకూడనిది హెడ్‌స్టాక్, అంటే చక్‌ని తిప్పే స్పిండిల్, గేర్లు ఉండే పెట్టె. "బరువంతా అక్కడే ఉందన్నా, అది ఊడదీస్తే సగం పని అయిపాయె" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. బరువు అక్కడే ఉన్నమాట నిజం. కానీ స్పిండిల్‌ని బెడ్‌కి సమాంతరంగా మళ్ళీ కూర్చోబెట్టడం వేరే యజ్ఞం. తిరగలేని మలుపుంటే క్యారేజ్ (టూల్‌తో బెడ్ మీద జరిగే భాగం) తీయండి, దానికి టెయిల్ వైపు లీడ్ స్క్రూ (థ్రెడ్లు కోసేటప్పుడు క్యారేజ్‌ని నడిపే పొడుగు మర) బ్రాకెట్ విప్పి క్యారేజ్‌ని ఆ కొసనుంచి జార్చాలి. అది కూడా వేరే దారి లేనప్పుడే.

క్యారేజ్ ఉంచేస్తే దాన్ని టెయిల్ కొసకి తోసి లాక్ చేయండి. హెడ్‌స్టాక్ బరువుకి అది కొంత ఎదురు తూకం. బెడ్‌కి నూనె రాసి, మీద గోనెసంచి పరిచి, దానిమీద పలక కట్టండి. వర్షాకాలమైతే ప్లాస్టిక్ కూడా చుట్టాలి, ఒక్క రాత్రి తడిస్తే పొద్దున్నే తుప్పు కనిపిస్తుంది.

బండి మీదినుంచి నేలకి

ఇది హైడ్రా పని. మండి బజార్, చౌరస్తా లాంటి చోట్లయితే ఆదివారం తెల్లవారుజామున పెట్టుకోండి. రంజాన్ నెలలో మండి బజార్ వైపు సాయంత్రం తర్వాత ఆలోచనే వద్దు. పైన కరెంటు తీగలున్నాయా చూసుకోండి. బూమ్ తీగల దగ్గరికి పోయే అవకాశం ఏమాత్రం ఉన్నా కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్ లైన్‌మన్‌తో మాట్లాడి లైన్ క్లియర్ తీసుకున్నాకే, అంటే కరెంటు ఆపించాకే దింపండి. క్రేన్ డ్రైవర్ "ఏం కాదు" అంటే ఆ మాట తీగలకి తెలియదు.

బెల్టు వేసే చోటు ముఖ్యం. బెడ్ కింద, హెడ్‌స్టాక్‌కి దగ్గరగా, రెండు రెయిళ్ళ మధ్య ఉండే అడ్డపట్టీల దగ్గర వేయాలి. ముందువైపు లీడ్ స్క్రూ, ఫీడ్ రాడ్ ఉంటాయి, బెల్టు వాటిని నొక్కిందంటే అవి వంగుతాయి. వంగిన లీడ్ స్క్రూతో ఇక థ్రెడ్లు కోసినట్టే! అందుకే బెల్టుకీ స్క్రూకీ మధ్య చెక్క అడ్డం పెట్టి బెల్టుని దూరంగా ఉంచండి. రెండంగుళాలు లేపి ఆపమనండి. ఎటు ఒరుగుతోందో చూసి, దించి, బెల్టు జరిపి, మళ్ళీ లేపాలి. రెండుమూడు సార్లు పడుతుంది, డ్రైవర్ విసుక్కుంటాడు, పట్టించుకోవద్దు. దింపేటప్పుడే నేరుగా రోలర్ల మీదికి, స్కిడ్లు దారి వైపు ఉండేట్టు దింపించుకుంటే తర్వాత గంట పని తప్పుతుంది. ఏ కొస ముందు లోపలికి పోవాలో కూడా ఇక్కడే తేల్చుకోవాలి, గల్లీలోకి పోయాక వెనక్కి తిప్పడం కుదరదు.

లేపడం

నేలమీదున్న మిషన్ కింద రోలర్ దూర్చాలంటే ఒక కొస లేపాలి. ఐదడుగుల గడ్డపారకి మొన నుంచి మూడంగుళాల దగ్గర చెక్క ఆనిస్తే లెక్క ప్రకారం పంతొమ్మిది రెట్ల బలం వస్తుంది. నలభై కిలోల నొక్కుడుకి 760 కిలోలు. టన్ను మిషన్ ఒక కొస లేవడానికి ఒక మనిషి చాలన్నమాట. ఒకరు నొక్కుతారు, ఇంకొకరు చెక్క దూరుస్తారు. దూర్చేది వేళ్ళతో కాదు, ఇంకో కర్రతో తోసి. ఎప్పుడూ ఒక్క కొసే లేపండి, రెండో కొస నేల మీదో చెక్కల మీదో పూర్తిగా కూర్చుని ఉండాలి.

గడ్డపార గానీ జాకీ గానీ స్కిడ్ కిందో, కాళ్ళ మందమైన చోటో ఆనించండి. ట్రే రేకు కింద, బెడ్ పలచని అంచు కింద పెట్టొద్దు. బీడు వంగదు, విరుగుతుంది. జాకీ తలకీ ఇనుముకీ మధ్య చెక్క లేకపోతే ఇనుము మీద ఇనుము జారుతుంది.

చైన్ పుల్లీని ఇంటి కప్పు ఫ్యాన్ హుక్కుకి తగిలించే ధైర్యవంతులున్నారు. పాత ఇళ్ళ దూలాలకి కట్టేవాళ్ళూ ఉన్నారు, పైన చెదలు ఎంత తినేసిందో కింద నిలబడ్డవాళ్ళకి కనిపించదు. నాలుగు కాళ్ళ ఇనుప గ్యాంట్రీ దొరికితే సరే, లేకపోతే జాకీ, చెక్కలే చాలు.

రోలర్ల మీద

గచ్చు మీద రోలర్లతో టన్ను జరగడానికి ముప్పై నుంచి యాభై కిలోల తోపు చాలు. ఇద్దరు మనుషులు తాపీగా తోస్తే కదులుతుంది. ఇదే ప్రమాదం కూడా, ఎందుకంటే కదలడం ఎంత తేలికో ఆపడం అంత తేలిక కాదు. ఇరవై అడుగుల దూరంలో ఒక అడుగు వాలు ఉంటే టన్నుకి ఇంకో యాభై కిలోలు దానంతటదే కిందికి లాగుతుంది, అంటే ఎవరూ తోయకుండానే మిషన్ బయలుదేరుతుంది. వాలు కంటికి కనిపించకపోవచ్చు. రసమట్టం పెట్టి చూడండి, లేదా ఒక రోలర్‌ని ఉత్తిగా నేల మీద పెట్టి వదలండి. వాలుంటే వెనకవైపు పుల్లర్‌ కట్టి, ఒక్కో పన్ను వదులుతూ దింపాలి. దిగువన మనిషి ఉండకూడదు, ఎంత అనుభవం ఉన్నవాడైనా.

హమాలీలతో పని చేయించుకునేటప్పుడు ఒక సంగతి ముందే మాట్లాడుకోవాలి. బస్తాలు మోసేవాళ్ళకి అందరూ కలిసి అరిచి ఒక్క ఊపు ఇవ్వడం అలవాటు. బియ్యం బస్తాకి ఆ ఊపు మంచిదే. రోలర్ల మీదున్న లేత్‌కి ఆ ఊపు ఇస్తే మూడడుగులు దూసుకుపోయి ముందు రోలర్ దిగి ముక్కు మీద పడుతుంది. మేస్త్రీని పక్కకి పిలిచి "అన్నా, అరుపుల్లేవు, నేను జరుపు అంటేనే జరపాలె, ఆగు అని మాత్రం ఎవరైనా అనొచ్చు" అని చెప్పండి. జరపమనే గొంతు ఒకటే, ఆపమనే హక్కు అందరిదీ. "గింతదానికి ఇన్ని చెక్కలెందుకు" అని గొణిగే కుర్రాడు ఎవరో ఉంటాడు, చెక్కలు పెట్టే పని అతనికే అప్పజెప్పండి.

రోలర్లు మిషన్ కదిలిన దూరంలో సగమే కదులుతాయి, కాబట్టి ఒక్కోటి వెనకనుంచి బయటపడుతూ ఉంటుంది. దాన్ని ముందుకి తెచ్చి పెట్టడానికి ప్రత్యేకంగా ఒక మనిషి కావాలి. ఎప్పుడూ కనీసం మూడు రోలర్లు కింద ఉండాలి. రోలర్ వంకరగా పోతే దాని కొసని సుత్తితో తట్టి సరిచేయండి. కాలితో తన్నడం, చేత్తో తిప్పడం చేయొద్దు. చెప్పులతో వచ్చినవాళ్ళని పని దగ్గరికి రానివ్వొద్దు, ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

తోయడానికి చోటు లేని ఇరుకులో లాగాల్సి వస్తుంది. పుల్లర్‌ని దేనికి కట్టాలనేదే ప్రశ్న. కరెంటు స్తంభానికి, పిట్టగోడకి, బైకుకి కాదు. లోపలి గదిలో ఎదురుగా ఇంకో దర్వాజ ఉంటే, దాని అవతల గోడకి అడ్డంగా, గోడ సందు కంటే రెండు పక్కలా అడుగు పొడుగున్న మందపాటి పైపు పెట్టండి, పైపుకీ గోడకీ మధ్య పలకలు. ఆ పైపు నడుముకి పుల్లర్ కట్టండి. లాగుడు మొత్తం గోడ వెడల్పున పంచుకుంటుంది, చౌకటకి నొప్పి తగలదు. మిషన్ వైపు కొక్కెం స్కిడ్‌కి తగిలించండి, నేలకి ఎంత దగ్గరగా లాగితే అంత మంచిది. పైన కట్టి లాగితే మిషన్ పల్టీ కొడుతుంది, ఎందుకంటే లేత్‌కి బరువంతా పైన, కాళ్ళ మధ్య ఎడం తక్కువ.

మలుపు

ఇక్కడ తొందరపడినవాళ్ళే గోడలు పగలగొట్టుకుంటారు. రోలర్లని విసనకర్ర పుల్లల్లా పరిస్తే మిషన్ మెల్లగా వంపు తిరుగుతుంది, కానీ దానికి చోటు కావాలి. ఇరుకైన మలుపులో మేలైన పద్ధతి ఒకటుంది. బరువైన హెడ్‌స్టాక్ కొస కింద రోలర్లు తీసేసి, ఒక ఇనుప ప్లేటు నేల మీద, దాని మీద దండిగా గ్రీజు, దాని మీద ఇంకో ప్లేటు, ఆ ప్లేటు మీద చెక్కదిమ్మె, దాని మీదికి ఆ కొసని దించండి. టెయిల్ కొస రోలర్ల మీదే ఉండాలి, అయితే ఆ రోలర్లని మిషన్ పొడవు వెంబడి తిప్పి పెట్టాలి. ఇప్పుడు టెయిల్ కొసని పక్కకి నెడితే హెడ్‌స్టాక్ ఉన్నచోటే గ్రీజు మీద తిరుగుతుంది, తోక మాత్రం చుట్టూ వస్తుంది. గడ్డపారతో ఒక్కోసారి రెండంగుళాలు నెట్టండి, ప్రతి నెట్టుకీ గోడ వైపు సందు చూడండి. కొంచెం తిరిగాక హెడ్‌స్టాక్ ఎదురు గోడకి తగిలేట్టుంటే మళ్ళీ రోలర్లు వేసి ముందుకో వెనక్కో జరిపి, మళ్ళీ ప్లేటు మీదికి దించాలి. లోపలి మూలకి గోనెసంచులు నాలుగు మడతలు వేసి కట్టండి, అది పక్కింటివాళ్ళ గోడైతే మరీనూ. వాళ్ళకి ముందురోజే ఒక మాట చెప్పి ఉంచితే వాళ్ళే వచ్చి తలో చెయ్యి వేస్తారు, చెప్పకపోతే ఆ మూల మీద పదేళ్ళ నాటి బీటకి కూడా మీరే కారణమవుతారు.

గడప

మెట్టుకీ గడపకీ అందరూ ర్యాంపు వేయాలనుకుంటారు. ఇరుకులో ర్యాంపు అంటే వాలు, వాలంటే మిషన్ ముక్కు పైకి లేచి బరువు వెనక్కి పోవడం, పైగా ఎక్కాక ఆ అంచు మీద తక్కెడలా ఊగుతుంది. దానికి బదులు మిషన్ మొత్తాన్ని బయటే గడప కంటే అంగుళం ఎత్తుకి లేపండి. ఒక కొస అర అంగుళం, చెక్క, రెండో కొస అర అంగుళం, చెక్క, ఇలా మార్చి మార్చి. నాలుగంగుళాలకి ముప్పావు గంట పట్టొచ్చు. అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస చెక్కలు పేర్చి బయట ఒక తిన్నె, లోపల అదే ఎత్తులో ఇంకో తిన్నె కట్టి, మధ్యలో గడప మీదుగా రెండు చానళ్ళు వంతెన వేయండి. ఆ చానళ్ళ మీద రోలర్లతో మిషన్ సమమట్టంగా లోపలికి పోతుంది, గడపకి ఒక్క కిలో కూడా తగలదు.

గడపని తాకకుండా పోనివ్వడానికి రెండు కారణాలున్నాయి. పాత ఇళ్ళలో గడప చెక్క కింద చాలాసార్లు ఖాళీ ఉంటుంది, బరువు పడితే చౌకట కీళ్ళు వదులవుతాయి. రెండోది, పసుపు రాసి బొట్లు పెట్టిన గడప మీద ఇనుప చానళ్ళు ఆనిస్తే ఇంట్లో పెద్దమ్మ ఊరుకోదు, ఆవిడ ఊరుకోకపోతే పని సాగదు. తిన్నె పద్ధతిలో చౌకటకీ పెద్దమ్మకీ ఇద్దరికీ గొడవ లేదు.

లోపలికి పోయాక దించడం కూడా అలాగే, ఒక్కో కొస, ఒక్కో చెక్క. అలిసిపోయి ఉంటారు కాబట్టి వేళ్ళు నలిగేది ఎక్కువగా ఇక్కడే. దించే ముందు టీ తాగి రండి.

కూర్చోబెట్టడం

ఆరంగుళాల కాంక్రీటు బెడ్డు ముందే పోయించి, బాగా ఆరనిచ్చి ఉంచుకుంటే మంచిది. కాళ్ళ కింద ఉక్కు ప్లేట్లు, వాటిమీద వెడ్జిలు గానీ లెవెలింగ్ బోల్టులు గానీ. తాపీమేస్త్రీ రసమట్టం మొదటి విడతకి పనికొస్తుంది, ఆ తర్వాత మీటరుకి 0.02 మిల్లీమీటర్ చూపించే ప్రెసిషన్ లెవెల్ కావాలి. దాన్ని బెడ్ మీద అడ్డంగా హెడ్‌స్టాక్ దగ్గర ఒకసారి, టెయిల్ దగ్గర ఒకసారి పెట్టి చూడండి. రెండు చోట్లా బుడగ ఒకేచోట నిలవాలి. బెడ్ ఒక వైపుకి కాస్త వాలి ఉన్నా పని ఆగదు, మెలిక పడితే మాత్రం జాబ్ (కోసే ముక్క) టేపర్ వస్తుంది, అంటే ఒక కొస లావుగా ఒక కొస సన్నగా.

కరెంటు ఇచ్చేముందు ఎర్తింగ్ చూడండి. మొదటిసారి చక్ లేకుండా స్విచ్ వేయండి. పాత మిషన్లలో చక్ స్పిండిల్ మీద థ్రెడ్‌తో బిగుస్తుంది. ఫేజులు తారుమారై మోటారు ఉల్టా తిరిగిందంటే చక్ దానంతటదే విప్పుకుని ఎగిరి కాళ్ళ మీద పడుతుంది. రంగు టేపులు చుట్టమన్నది ఇందుకే, అయినా కొత్త చోట సప్లై వరస వేరుగా ఉండొచ్చు. ఉల్టా తిరిగితే ఏవైనా రెండు ఫేజులు మార్చండి చాలు. గేర్‌బాక్సులో నూనె చూసి, స్పిండిల్‌ని చేత్తో తిప్పి, తర్వాత తక్కువ స్పీడులో అరగంట తిరగనివ్వండి.

ఆ తర్వాత అసలు పరీక్ష. అంగుళంన్నర రాడ్డు చక్‌లో పట్టి ఆరంగుళాలు బయటికి ఉంచండి, టెయిల్‌స్టాక్ ఆనించొద్దు. రెండు కొసల దగ్గర తప్ప మధ్యలో కాస్త తగ్గించి, ఆ రెండు చోట్లా ఒకే సెట్టింగ్‌తో సన్నటి కట్ వేసి మైక్రోమీటర్‌తో కొలవండి. బయటి కొస లావుగా వస్తే టెయిల్ వైపు ముందు కాలుని వెంట్రుకవాసి లేపండి, సన్నగా వస్తే అదే కాలుని దించండి. మళ్ళీ కట్, మళ్ళీ కొలత. తేడా 0.02 మిల్లీమీటర్ లోపుకి వస్తే రైసు మిల్లు షాఫ్టులకీ జిన్నింగ్ మిల్లు రోలర్లకీ మామూలు జాబులకి ఢోకా లేదు. ఫౌండేషన్ బోల్టులు బిగించాక ఇంకోసారి, రెండు వారాలు పని చేశాక మరోసారి ఇదే కట్ వేసి చూడండి. బిగించేటప్పుడు బెడ్ మెలిక పడటం, కొత్త కాంక్రీటు మీద ఒక కాలు కొంచెం దిగడం రెండూ మామూలే.